నీలిరాయి గట్టు

గెంట్‌లో, కాలువ వెనక వీధిలో, పదిహేడో నంబరు ఇల్లు.
ఎర్ర ఇటుకల మీద ఉప్పు పొంగి తెల్లబడింది గోడ.
కడగమని పిలిచింది గోదెలీవ.
వయసు ఎనభై ఒకటి, గొంతు మాత్రం బడిగంట.

నా పేరు వన్నెస్. ఇరవై రెండేళ్లుగా ఇదే పని:
నిచ్చెన, గొట్టం, బ్రష్షులు, పసుపు మూత పెట్టిన యాసిడ్ డబ్బా.
డబ్బా మీద కరిగిపోతున్న చెయ్యి బొమ్మ ఉంటుంది.
ఇన్నేళ్లు చూశాక ఆ చెయ్యి
ఎదురింటాయన చెయ్యైపోతుంది,
తలూపి ఎవరి దారిన వాళ్లం పోతాం.

అన్నీ చేశాను, నమ్మండి.
గోడ తడిపాను. పది పాళ్ల నీళ్లలో ఒక పాలు పోశాను.
అద్దాలకి ప్లాస్టిక్, ఇత్తడి గంటకి గుడ్డ,
కిటికీ కింది రాతిగట్టుకి కవరు కప్పి టేపు.
తడి రాతి మీద టేపు ఒక మూల అంటలేదు.
అంటిందనుకున్నాను. నొక్కి చూడలేదు.
నా కథ అంతవరకే,
మిగతాదంతా రసాయనానిది.

మొదట చప్పుడు.
పోపులో ఆవాలకుండే సంబరం లేదు దానికి.
ఎవరో నొప్పికి పళ్ల సందుల్లోంచి గాలి పీల్చినట్టు.
కవరెత్తి చూస్తే
గట్టు నురగలు కక్కుతోంది.

ఇటుక ఓర్చుకుంటుంది. ఈ రాయి ఓర్వదు.
పేరుకే నీలిరాయి, ఒళ్లంతా సున్నం.
నీళ్లు గుమ్మరించాను, సోడా పొడి చల్లాను.
చేతులు కాలాక పట్టుకునే ఆకులు
నా బండిలో ఎప్పుడూ ఉంటాయి,
ఐదు కిలోల సంచిలో.

నురగ తగ్గింది. మూరెడు పొడవున తెల్లమచ్చ,
దిండు మీద చొంగ ఎండినట్టు.

గంట కొట్టాను. మోగలేదు.
నేనే చుట్టిన గుడ్డ. విప్పి మళ్లీ కొట్టాను.

తప్పు నాదని చెప్పేలోపు
గాలి అన్నాను, టేపు అన్నాను, రాయి పాతది అన్నాను.
ఆవిడ వింటోందో లేదో.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వంగి,
బొటనవేలితో రుద్దింది.
శనివారం శనివారం నల్లసబ్బుతో
యాభై ఎనిమిదేళ్లు తోమి తెచ్చిన నునుపు.
ఇప్పుడు పిల్లినాలుకలా గరగర.

"రింగేది?" అంది.
ఏ రింగో నాకేం తెలుసు?
అక్కడ ఇనుప కుండీ తుప్పు గుండ్రంగా అంటుకునుండేదట,
ఆవిడ కాపురానికొచ్చిన ఏడే.
దాని మీద అత్తగారితో మూడు నెలలు మాటల్లేవట.
బూడిద, ముగ్గురాయి, ఎవరో చెప్పిన పుల్లమజ్జిగ,
దేనికీ లొంగలేదట.
"నీకు నిమిషం పట్టింది" అని నవ్వింది.
నవ్వేనా? నేను గ్లవ్స్ చూసుకుంటూ నిలబడ్డాను.

తరవాత చాలాసేపు వంగే ఉంది.
మచ్చలో ఏవో చిన్న చిన్న చక్రాలు, విరిగిన కాడలు,
ఒక గవ్వ అంచు.
ఎప్పటి సముద్రమో, ఏ బురదలో కూరుకుపోయిందో,
నా యాసిడ్ దాని మొహం కడిగింది.
"వీళ్లా ఇన్నాళ్లూ!" అంది ఆవిడ,
అద్దెకున్నవాళ్లని పట్టుకున్నట్టు.

బీమా కాగితంలో 'నష్టం వివరం' అని రెండు గీతలిచ్చారు.
రాతిగట్టు, నలభై ఐదు సెంటీమీటర్లు, అని రాశాను.
అత్తగారికి చోటు చాల్లేదు.

గురువారం వజ్రపు బిళ్లలు పట్టుకెళ్లాను.
మధ్యాహ్నందాకా రుద్దాను, నోట్లో రాతిపిండి.
చివర జానెడు ఉందనగా
చాలు, ఆపమంది. ఎందుకో చెప్పలేదు.
గోడ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది,
పద్దెనిమిది యూరోలు తగ్గించి.
కొత్త కుండీ కొనాలట.

ఇనుపదేనా అని అడగబోయాను.
తలుపేసుకుంది.

ఆ వీధిలోంచి పోతే ఇప్పటికీ అటు చూడను.
టేపు మాత్రం
మూల మూలా రెండుసార్లు నొక్కుతాను,
బొటనవేలితో,
ఆవిడ రుద్దినట్టే.